హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు అద్దె ఫ్లాట్ వెతికేటప్పుడు

ఊళ్లో ఇంటికి తాళం వేసి నగరానికి వచ్చేసే తల్లిదండ్రుల కోసం ఫ్లాట్ వెతికే పిల్లలు చాలామంది తమకు నచ్చే ఇల్లే వెతుకుతారు. హాలు పెద్దదా, వెలుతురు వస్తోందా, కప్‌బోర్డులు ఉన్నాయా, అద్దె ఎంత? డెబ్బై దాటిన మనిషికి ఇల్లు కుదిరిందో లేదో హాలు చూస్తే తెలియదు. బాత్రూమ్, లిఫ్టు, గేటు నుంచి లిఫ్టు దాకా ఉన్న మెట్లు చూస్తే తెలుస్తుంది. పైగా ఇవాళ వాళ్లు ఎంత చలాకీగా నడుస్తున్నారన్నది లెక్క కాదు. మోకాలి ఆపరేషన్ చేయించుకుని వాకర్ పట్టుకుని వచ్చిన రోజున ఆ ఇంట్లో తిరగగలరా అన్నదే లెక్క.

ముందు ఏరియా

పిల్లలు హైదరాబాద్‌లోనే ఉంటే అన్నిటికంటే మంచి ఏర్పాటు, అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఫ్లాటు. అది దొరక్కపోతే నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నది. వంటిళ్లు వేరు, గుమ్మాలు దగ్గర. కోడలికీ అత్తగారికీ ఇద్దరికీ సుఖం. అద్దె రెండు వేలు తక్కువని ఉప్పల్లో పెద్దవాళ్లను ఉంచి, మీరు గచ్చిబౌలిలో ఉంటే, సాయంత్రం ఏడింటికి ఫోనొస్తే చేరడానికి గంట పైనే పడుతుంది.

పిల్లలు విదేశాల్లో ఉండి పెద్దవాళ్లిద్దరే ఉండాల్సి వస్తే లెక్క మారుతుంది. పడమటి వైపు నల్లగండ్ల, తెల్లాపూర్, కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీల్లో జనరేటరు, పెద్ద లిఫ్టులు, ర్యాంపులు, సెక్యూరిటీ అన్నీ ఉంటాయి. కానీ చాలాచోట్ల గేటు దాటి బయటికి రావాలంటే కారో ఆటోనో కావాలి. చిక్కడపల్లి, నల్లకుంట, విద్యానగర్, బాగ్‌లింగంపల్లి వైపు దీనికి సరిగ్గా తలకిందులు. గుడి, మందుల షాపు, కిరాణా అన్నీ నడిచే దూరమే. పొద్దున సుందరయ్య పార్కు, సాయంత్రం త్యాగరాయ గానసభ, చదివే అలవాటున్న వారికి నగర కేంద్ర గ్రంథాలయం. చిక్కల్లా అక్కడి పాత అపార్ట్‌మెంట్లతోనే. కొన్నింటికి అసలు లిఫ్టు ఉండదు, కొన్నింటికి ఉన్నా చేత్తో లాగి మూసే జాలీ గేటు లిఫ్టు. మా మాట అడిగితే, ఇంకా నడవగలిగి నలుగురితో కలిసే మనిషికి పాత ఏరియాలో లిఫ్టున్న ఇల్లు ఓపిగ్గా వెతకండి. మంచం దిగడమే కష్టంగా ఉన్న మనిషికి గేటెడ్ కమ్యూనిటీయే నయం.

ఆసుపత్రి దగ్గరుంటే చాలదు. ఇప్పుడు చూపించుకుంటున్న డాక్టరు ఎక్కడ, ఇన్సూరెన్స్ ఏ ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ ఇస్తుంది అన్నవి ముందు రాసుకోండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులైతే సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) వెల్‌నెస్ సెంటర్ ఎంత దూరమో చూడండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో రిటైరైనవాళ్లైతే వాళ్ల హెల్త్ కార్డు హైదరాబాద్‌లో ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందో ఇల్లు ఖాయం చేసే ముందే కనుక్కోండి. వారానికి మూడుసార్లు డయాలసిస్ ఉన్నవాళ్లకైతే ఇంకే లెక్కా వద్దు, సెంటర్ పక్కనే తీసుకోండి. నిమ్స్ ఆసుపత్రికి తరచూ వెళ్లాల్సినవాళ్లకు మియాపూర్–ఎల్బీ నగర్ మెట్రో లైను అనుకూలం, పంజాగుట్టలో దిగొచ్చు. స్టేషన్లలో లిఫ్టులుంటాయి.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు సందు మొదట్లో ఒక్క నిమిషం నిలబడండి. రెండు వైపులా కార్లు పెట్టి ఉంటే మధ్యలోంచి అంబులెన్స్ వస్తుందా? ఈ ప్రశ్న పగటిపూట కాదు, రాత్రి తొమ్మిది దాటాక చూసి తేల్చుకోవాలి. అందరి కార్లూ ఇళ్లకు చేరేది అప్పుడే.

ఎప్పుడు వెతకాలి

మే, జూన్‌లలో స్కూళ్ల కోసం ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ. ఓనర్లు బేరానికి దిగరు. ఆషాఢం, పుష్యమాసాల్లో ఇల్లు మారేవాళ్లు తక్కువ. ఖాళీగా ఉన్న ఫ్లాటుకు అద్దె కాస్త తగ్గించడానికీ, బాత్రూమ్‌లో మార్పులకు ఒప్పుకోవడానికీ ఓనర్లు ఆ రోజుల్లోనే మెత్తబడతారు. పట్టింపు ఉన్నవాళ్లు అప్పుడే మాట్లాడుకుని, టోకెన్ ఇచ్చి, మంచిరోజు చూసి పాలు పొంగించుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి డబ్బు పంపకండి. మిలిటరీలో పనిచేస్తున్నామనీ, బదిలీ అయిందనీ, ఇల్లు చూడాలంటే గేట్ పాస్‌కు కొంత కట్టాలనీ, లేదా అడ్వాన్స్ వెనక్కి వేస్తాం ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండనీ చెప్పే మోసం పాతదే. ఇప్పటికీ నడుస్తూనే ఉంది. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

లిఫ్టు, మెట్లు, అంతస్తు

ఇప్పుడు కట్టే అపార్ట్‌మెంట్లలో కింద అంతా పార్కింగే కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లు అరుదు. ఒకటో రెండో అంతస్తు చూడండి. లిఫ్టు పాడైన రోజున దిగగలరు, ఎక్కగలరు. అన్నిటికంటే పైన ఉండే అంతస్తు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు వేడి రాత్రి పదకొండు దాకా దిగదు, వానల్లో కారే ఇల్లూ అదే. ఒకటో అంతస్తులో మురుగు వాసన, దోమలు ఉంటాయేమో సాయంత్రం పూట ఓసారి వెళ్లి చూసుకోండి.

లిఫ్టు దగ్గర చూడాల్సినవి మూడు. మొదటిది తలుపు వెడల్పు. టేపు పెట్టి కొలవండి. 32 అంగుళాలుంటే వీల్‌చైర్ హాయిగా వెళ్తుంది, 28కి తగ్గితే మోచేతులు రాసుకుంటాయి. లోపల లోతు 44 అంగుళాలైనా ఉండాలి. చిన్న లిఫ్టుల్లో స్ట్రెచర్ పట్టదు, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించాలి. కాబట్టి మెట్లు మలుపు తిరిగే చోట ఇద్దరు కుర్చీ పట్టుకుని తిరగడానికి చోటుందో లేదో చూడండి.

రెండోది తలుపు రకం. జాలీ గేటు లిఫ్టైతే ఆ గేటును పెద్దవాళ్లతోనే లాగించి చూడండి. వేళ్ల కీళ్లు నొప్పులున్నవాళ్లకు అది రోజూ నాలుగుసార్లు తగిలే కష్టం. ఇంకో తలనొప్పి కూడా ఉంది. పై అంతస్తులో ఎవరో పిల్లాడు గేటు పూర్తిగా వేయకుండా పోతే లిఫ్టు అక్కడే ఆగిపోతుంది. కింద కూరల సంచీతో నిలబడ్డ పెద్దాయన వాచ్‌మన్ కోసం కేకలు వేయాలి.

మూడోది కరెంటు పోతే ఏమవుతుందన్నది. ‘జనరేటర్ ఉందండీ’ అన్న జవాబుతో తృప్తి పడొద్దు. అది లిఫ్టుకు కూడా ఇస్తుందా, ఒక్క కారిడార్ లైట్లకేనా? ఎవరైనా వచ్చి స్టార్ట్ చేయాలా, దానంతట అదే పడుతుందా? డీజిల్ డబ్బులు ఎవరివి? జనరేటరు లేకపోతే, లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీసే బ్యాటరీ ఏర్పాటు ఉందా? ఫ్లాటులోకి కూడా కరెంటు ఇవ్వకపోతే ఇన్వర్టరు పెట్టుకోవాలి. 900 వీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీతో ఫ్యాన్లు, లైట్లు కొన్ని గంటలు నడుస్తాయి. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ వాడే మనిషి ఉంటే ఆ లెక్క సరిపోదు. ఐదు లీటర్ల మెషిన్ ఒక్కటే 300 వాట్లు దాటి లాగుతుంది. దానికి వేరే బ్యాకప్పో, సిలిండరో ఉండాలి.

గేటు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు? చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ నుంచి లిఫ్టు ముందుకు మూడు నాలుగు మెట్లుంటాయి, పట్టుకోవడానికి రాడ్డు ఉండదు. ర్యాంపు ఉందంటారు, తీరా చూస్తే స్కూటర్లు ఎక్కించే ఏటవాలు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుంటేనే వీల్‌చైర్ తోయగలం.

బాత్రూమ్ దగ్గర అరగంట గడపండి

పెద్దవాళ్లు ఇంట్లో జారిపడే ప్రమాదం ఎక్కువగా ఉండే చోట్లలో ఇదొకటి. పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో ఒకటి ఇండియన్, ఒకటి వెస్టర్న్ ఉంటాయి. వాళ్లు పడుకునే గదికి ఆనుకున్నది వెస్టర్నే అయి ఉండాలి. కమోడ్ ఎత్తు మామూలుగా 15, 16 అంగుళాలుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు 18, 19 కావాలి. దానికి ఓనరును అడగక్కర్లేదు. సీటు పైన బిగించే నాలుగంగుళాల ఎత్తు సీట్లు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి.

తలుపు చట్రం లోపలి వెడల్పు కొలవండి. బాత్రూమ్ తలుపులు చాలావాటికి 25, 26 అంగుళాలకు మించి సందు ఉండదు. వాకర్ కూడా అడ్డంగా తిప్పి దూర్చాలి. ఇంతకంటే ముఖ్యం, తలుపు ఎటు తెరుచుకుంటుందన్నది. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే, ఆ మనిషి ఒళ్లే తలుపుకు అడ్డం పడుతుంది. బయటివాళ్లు తోస్తే దెబ్బ మీద దెబ్బ. బయటికి తెరుచుకునేలా కార్పెంటర్‌తో తిప్పించడం పెద్ద పనేం కాదు. దానికి చోటు లేకపోతే కనీసం లోపలి గొళ్లెం తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే లాక్ పెట్టించండి.

నేల మీద మగ్గుడు నీళ్లు పోసి చెప్పులు లేకుండా నిలబడి చూడండి. నున్నటి టైల్స్ అయితే అక్కడే తెలిసిపోతుంది. నీళ్లు జాలీ వైపు పోతున్నాయా, కమోడ్ చుట్టూ నిలుస్తున్నాయా అన్నదీ తెలుస్తుంది. హెల్త్ ఫాసెట్ కారుతుంటే నేల ఎప్పుడూ తడే, చేరకముందే మార్పించండి. అడుగున చిన్న సక్షన్ కప్పులున్న రబ్బరు మ్యాట్ కమోడ్ ముందు ఒకటి, స్నానం చేసే చోట ఒకటి వేయాలి. గుడ్డ పట్టాలు వద్దు, అవే జారతాయి.

ఇక పట్టుకునే రాడ్లు. ‘రాడ్డు ఉంది కదా’ అని ఓనరు టవల్ రాడ్డు చూపిస్తారు. అది రెండు చిన్న స్క్రూల మీద నిలబడింది, మనిషి బరువు పడితే ఊడి చేతిలోకి వస్తుంది. గోడకు అతుక్కునే సక్షన్ రాడ్లను కూడా నమ్మొద్దు. కావలసింది స్టీలు రాడ్డు. 32 నుంచి 38 ఎంఎం మందం, గోడకూ రాడ్డుకూ మధ్య 35 నుంచి 40 ఎంఎం సందు. సందు ఎక్కువైతే మోచెయ్యి జారి అందులో ఇరుక్కుంటుంది. నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తులో, కమోడ్‌కు పక్కన గోడ మీద ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. బిగించే ముందు టైల్‌ను వేలితో కొట్టి చూడండి. బోలుగా మోగితే వెనక సిమెంటు సరిగా లేనట్టే, ఇంకోచోట వేయించండి. డ్రిల్లింగ్ మొదట టైల్ బిట్‌తో, హ్యామర్ ఆపేసి చేస్తే టైల్ పగలదు. టైల్ దాటాక ఇటుకలోకి యాంకర్ ఫాస్టెనర్లు. బిగించిన మర్నాడు ఇంట్లో అందరికంటే బరువున్న మనిషి పూర్తిగా వేలాడి చూడాలి. ఆ తర్వాతే పెద్దవాళ్లు పట్టుకోవాలి.

గీజర్‌కు 16 ఆంప్స్ సాకెట్, ఎర్తింగ్ ఉన్నాయా? మెయిన్ బోర్డులో షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ ఉందా? ఉంటే దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి, టప్పున పడిపోవాలి.

నీళ్లు

మంజీరా నీళ్లు (జలమండలి కొళాయి నీళ్లు) వస్తాయా, వస్తే ఎన్ని రోజులకోసారి, వంటింటి కొళాయికి వస్తాయా, సంపులో బోరు నీళ్లతో కలిసిపోతాయా అని వాచ్‌మన్‌ను అడగండి. ఓనరు కంటే వాచ్‌మన్ జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది. ఎండాకాలం ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు, ఆ డబ్బులు మెయింటెనెన్స్‌లోనేనా, విడిగానా అన్నది కూడా. ఇరవై లీటర్ల క్యాన్ ఎత్తి బోర్లించడం పెద్దవాళ్ల వల్ల కాదు. తెచ్చేవాడే స్టాండు మీద పెట్టి వెళ్లేలా మాట్లాడుకోండి, లేదా ప్యూరిఫయర్ పెట్టించండి. వంటింటి అటకల్లో వాళ్లకు రోజూ కావలసినదేదీ పెట్టొద్దు.

వాచ్‌మన్ కుటుంబంతో అక్కడే ఉంటాడా, పగలు మాత్రమేనా? ఇద్దరే ఉండే పెద్దవాళ్లకు దీనికి పెద్ద బరువుంది. సిలిండరు పైకి తేవాలన్నా, రాత్రి అంబులెన్స్‌కు గేటు తీయాలన్నా అతనే.

ఓనరుతో మాట

వయసు దాచొద్దు. పెద్దవాళ్లకు ఇవ్వడానికి ఓనర్లు వెనకాడేది అద్దె గురించి తక్కువ, అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరొస్తారన్న దాని గురించి ఎక్కువ. నగరంలోనే ఉన్న ఇద్దరు మీవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి మీరే ముందు ఇవ్వండి. చాలాచోట్ల సందేహం అక్కడే తీరిపోతుంది.

అడగడానికి ఇబ్బందిగా ఉండే సంగతి ఇంకొకటుంది. అద్దె ఇంట్లో మనిషి పోతే కొందరు ఓనర్లు భౌతికకాయాన్ని ఇంట్లో ఉంచనివ్వరు, ఆసుపత్రి నుంచి ఇంటికి తేనివ్వరు, కర్మలు చేయనివ్వరు. కొన్ని అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ అడ్డుపడుతుంది. ఆ రోజున గేటు దగ్గర ఈ వాదన పెట్టుకోవడం కంటే ఘోరం లేదు. కాబట్టి చేరేముందే, పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు, నేరుగా అడగండి. ‘రేపు ఏదైనా జరిగితే ఇక్కడ నుంచే చేసుకోవచ్చా అండీ?’ నసిగితే ఇంకో ఇల్లు చూసుకోవడం మేలు. తద్దినాలు పెట్టే ఇల్లయితే దాని మాటా అప్పుడే అడిగేయండి.

అగ్రిమెంటు, డబ్బు

హైదరాబాద్‌లో అడ్వాన్స్ మామూలుగా రెండు నెలల అద్దె, కొందరు మూడు అడుగుతారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలలకు మించొద్దంటుంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది కానీ, బేరంలో వాడుకోవడానికి పనికొస్తుంది. బ్రోకర్ ఉంటే పదిహేను రోజుల నుంచి నెల అద్దె దాకా కమీషన్. ఎంతన్నది ఇళ్లు చూపించకముందే తేల్చుకోండి.

అగ్రిమెంటు ఇక్కడ మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. అద్దెదారులుగా అమ్మ, నాన్న ఇద్దరి పేర్లూ ఉండాలి. ఒక్క నాన్నగారి పేరే ఉండి ఆయనకేదైనా అయితే, ఆ దుఃఖంలో అమ్మ కొత్త అగ్రిమెంటు కోసం తిరగాలి. పైగా గ్యాస్, బ్యాంకు, ఆధార్ పనులకు ఆవిడ పేరున చిరునామా రుజువు ఉండదు.

ఇవి మాత్రం రాతలో పెట్టించండి. ఆరోగ్య కారణాలతో ఖాళీ చేయాల్సి వస్తే లాక్-ఇన్ (ఇన్ని నెలలు ఉండి తీరాలన్న షరతు) వర్తించదు, నెల నోటీసు చాలు. రాత్రిపూట ఉండే కేర్‌టేకర్‌ను పెట్టుకోవచ్చు, అదనపు మనిషని అభ్యంతరం చెప్పరాదు. బాత్రూమ్ రాడ్లు బిగించుకోవచ్చు, వెళ్లేటప్పుడు అలాగే వదిలేయవచ్చు. అద్దె ఏడాదికి ఇంత శాతం మాత్రమే పెరుగుతుంది. ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో అడ్వాన్స్ వెనక్కి ఇస్తారు, పెయింటింగ్ కింద ఎంత కోస్తారు. ఈ చివరిది రాయకపోతే నెల అద్దె మొత్తం పెయింటింగ్‌కు పోవడం ఇక్కడ ఆనవాయితీ. ఉన్నది ఏడాదైనా, ఐదేళ్లైనా అంతే. లిఫ్టు మార్చడం, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ పెద్ద పనుల కోసం దాచే నిధి) లాంటి పెద్ద ఖర్చులు ఓనరువనీ, నెలవారీ మెయింటెనెన్స్ మాత్రమే మీదనీ ఒక వాక్యం ఉండాలి.

పన్నుల్లో కొన్ని మెలికలున్నాయి. అద్దె నెలకు 50,000 దాటితే, కట్టేవాళ్లే 2 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి జమ చేయాలి. ఓనరు ఎన్నారై అయితే ఆ పరిమితి లేదు, అద్దె ఎంతైనా 30 శాతం, దానిపై సెస్సు మినహాయించాల్సిందే. ఈ ఊళ్లో ఫ్లాటు ఓనర్లు అమెరికాలో ఉండటం మామూలు కాబట్టి ముందే అడిగి, ఆడిటర్‌తో మాట్లాడి దిగండి. ఇక కొడుకో కూతురో కట్టే ఈ అద్దెను తమ జీతంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కింద చూపుకోలేరు. తాము ఉండే ఇంటికే అది వర్తిస్తుంది.

తాళాలు చేతికొచ్చాక

సామాను దించకముందే గది గదికీ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. చెమ్మ మచ్చలు, పగిలిన టైల్స్, కారే కొళాయిలు కనిపించాలి. కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసి, యూఎస్‌సీ (కరెంటు కనెక్షన్) నంబరు రాసుకోండి. నల్లా బిల్లు విడిగా ఉంటే క్యాన్ (నల్లా కనెక్షన్ ఖాతా) నంబరు కూడా. పాత బకాయిలు అప్పుడే బయటపడతాయి.

ముందు తలుపు లోపల గడియ పెడితే బయటి తాళంచెవి ఉండీ లాభం లేదు. బయటి నుంచి తాళంచెవితో తీయగలిగే నైట్ లాచ్ పెట్టించి, గడియ వాడకం మాన్పించండి. ఒక తాళంచెవి మీ దగ్గర, ఒకటి నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు. పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాల్సిన నంబర్లు: అంబులెన్స్ 108, పోలీసులు 112, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, కరెంటుకు 1912, నీళ్లకు జలమండలి 155313, ఆ కిందే వాచ్‌మన్, పక్క ఫ్లాటు. పనిమనిషినో, కేర్‌టేకర్‌నో పెట్టుకుంటే తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో వివరాలు నమోదు చేయండి.

ఆధార్ చిరునామా మార్చే ముందు మాత్రం ఒకసారి ఆగండి. తెలంగాణ చిరునామా ఉంటే అమ్మకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు కట్టే పని లేదు, గుడికీ ఆసుపత్రికీ తనంతట తాను వెళ్లొస్తుంది. కానీ ఆంధ్రలో సామాజిక పింఛనో, బియ్యం కార్డో ఉన్నవాళ్లకు చిరునామా మారిస్తే అక్కడిది చేజారవచ్చు. ఏది ఎక్కువ అక్కరకొస్తుందో వాళ్లనే అడిగి చేయండి. ఉద్యోగ పింఛను తీసుకునేవాళ్లకు ఈ చిక్కు లేదు. బతికున్నట్టు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్ ద్వారా ఆన్‌లైన్‌లో ఎక్కడ నుంచైనా ఇవ్వొచ్చు.